పోరంబోకు కొండలు

పుట్టపర్తి చుట్టునుగల కొండలను రెవిన్యూ లెక్కలలో పోరంబోకు అందురు. పోరంబోకనగా పన్ను కట్టనక్కఱలేని సర్కారు భూమి యని లెక్కలవారి యర్థము. లోకవ్యవహారమున మాత్రము ఎవరికిని అక్కఱలేనిది, ఎవరి సొత్తును కానిది యను నర్థము స్థిరపడిపోయినది. పనిపాటలు లేక తిరుగు మనుష్యుని సైతము ఈ మాటతోనే తిట్టుట మనకు అలవాటు. ఈ యొక్క మాట చాటున అనంతపురపు మెట్టసీమలో రాతిగుత్తల పేర ఏమి జరుగుచున్నదో నేడు కొంత విచారింపదలచితిమి.

పుట్టపర్తి చిత్రావతి యొడ్డున నున్నది. ఆ నది నందిదుర్గపు కొండలలో పుట్టి, బాగేపల్లి మీదుగా మన సీమలో ప్రవేశించి, పుట్టపర్తి, బుక్కపట్టణము, ధర్మవరము ప్రాంతములను దాటి కడపజిల్లాలో పెన్నను కలియును. నది యనుటయే కాని యేటిలో నెక్కువ దినములు అది ఇసుకదారియే. నైరుతి మేఘములను పడమటి కనుమలు ఆపివేయును. ఈశాన్యపు వానలు తూర్పు సముద్రమునుండి ఇంతదూరము వచ్చుసరికి సన్నగిల్లును. అందుచే ఈ సీమలో సగటున ఏటికి 550 మిల్లీమీటర్లు, అనగా సుమారు 22 అంగుళముల వానయే గతి. అదియు కొద్దిదినములలో కురిసి వెళ్లిపోవును. ఆ కొద్దిదినముల నీటిని పట్టి నిలుపుకొన్న ఊరు బ్రదుకును; నిలుపుకొనలేనిది బెంగుళూరునకు వలసపోవును.

పట్టి నిలుపునది యేది? ఇచ్చటి నేలయడుగున నున్నది గ్రానైటు, నైసు జాతుల గట్టిశిల. గట్టిశిలలో నీరు ఇంకదు. పైనున్న చిట్లిన రాతిలోను, పగుళ్లలోను, కొండపాదమున పేరుకొన్న మొరపనేలలోను మాత్రమే నీటికి చోటు. వానచినుకు బోడికొండ మీద పడి, బండలమీదుగా జారి, వంకగా మారి, కొండపాదమున కొంత యింకి, మిగిలినది కుంటకును, కుంట నిండిన వెనుక క్రింది చెఱువునకును పోవును. ఒక చెఱువు అలుగు పాఱిననే గాని దాని దిగువ చెఱువు నిండదు. ఇట్లు గొలుసుగా కట్టిన చెఱువులే రాయలనాటినుండి ఈ సీమకు ప్రాణాధారములు. బుక్కపట్టణపు చెఱువును, ధర్మవరపు చెఱువును చూచినవా రెవరును ఈ మాటను కాదనజాలరు. కావున ఇచ్చట కొండ యనునది చెఱువులో పైభాగము. చెఱువు ఊరిదైనపుడు కొండ ఊరిది కాకపోవుట యెట్లో మాకు తోచకున్నది.

ఈ సంగతి మన పూర్వులకు తెలియనిది కాదు. కడపజిల్లా పోరుమామిళ్లలో 1369వ సంవత్సరపు శాసన మొకటి కలదు. బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు అచ్చట చెఱువు కట్టించి దానిని వేయించెను. మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు అంగములును, తగులరాని ఆఱు దోషములును అందు చెప్పబడినవి. ధర్మపరుడైన ప్రభువు, నీటి శాస్త్ర మెఱిగిన పండితుడు, గట్టిమన్ను, తియ్యని నీటి యేఱు, కట్టకు ఆనుకొన్న కొండలు, పనివాండ్ర సమూహము అనువానితోపాటు, తిన్నని పొడవైన రాళ్లు దొరకు గనికూడ ఆ పండ్రెండింటిలో నొకటి. వేయిమంది కూలీలు, రాయి తోలుటకు నూఱు బండ్లు, రెండేండ్ల కాలము ఆ కట్టకు పట్టినట్లు శాసనమే చెప్పుచున్నది. చదువరులు గమనింతురు గాక. రాతిగని ఆనాడును కలదు. కాని అది చెఱువునకు అంగము. కొండనుండి వచ్చిన రాయి చెఱువుకట్టయై, ఆ కొండనుండియే దిగిన నీటిని ఆపినది.

రాయి కొట్టుట పాపమని మే మనుటలేదు. అట్లనుట ఈ సీమలో హాస్యాస్పదము. లేపాక్షి వీరభద్రాలయము రాతి కొండమీద రాతితో కట్టినదే. అచ్చటి బసవన్నను ఒక్కరాతినుండియే మలచిరి. పెనుగొండ కోట రాయి. మన యిండ్ల గోడలు, తోటల చుట్టునుగల కూసములు, రోళ్లు, తిరుగళ్లు, బావుల వరలు సమస్తమును రాయియే. తరతరములుగా వడ్డెరలు ఉలి, సమ్మెట, గడ్డపారలతో ఈ పని చేసిరి. బండమీద మంట పెట్టి, వేడికి పొర లేచిన వెనుక దానిని పలకలుగా నెత్తుట వారి విద్య. ఒక కుటుంబము జీవితకాలమంతయు కొట్టినను కొండకు గోరుగీరినంతయే గుర్తు. చెఱువులు త్రవ్వినవారును, కట్టలు పోసినవారును వారే యగుటచే, ఎచ్చట కొట్టిన నీటిదారి చెడునో వారికి వేరుగా చెప్పవలసిన పని లేకుండెను.

ఇప్పటి గని వేఱు. గాలియంత్రముతో రంధ్రములు వేసి, జిలెటిను కడ్డీలు కూరి, కొండ పార్శ్వము నంతను ఒక్క పేల్పుతో దింపుదురు. దిగిన రాతిని క్రషరులో పోసి కంకర, రాతిపొడి, రాతియిసుక చేయుదురు. నదులలో ఇసుక తోడి తోడి తరిగిపోయిన వెనుక, చట్టములును అడ్డువచ్చిన వెనుక, రాతిని నలుగగొట్టి ఇసుక చేయుట హెచ్చినది. ఇట్లు చిత్రావతికి పట్టిన దోపిడి చిత్రావతిని పోషించు కొండలకును ప్రాకినది. మడకశిర ప్రాంతమునందువలె మెఱుగుపెట్టుటకు పనికివచ్చు రాయి దొరకుచోట తీగరంపములతో దిమ్మెలు కోయుదురు. కోసినదానిలో సంతకు చేరునది కొద్దిపాలు. మిగిలినదంతయు చెత్తరాయిగా గుట్టలు పోసి విడిచెదరు. గిరాకి తక్కువదికాదు. బెంగుళూరు దినదినము పెరుగుచున్నది. పెనుగొండదగ్గఱ మోటారుకార్ల కర్మాగారము 2019లో ఉత్పత్తి ప్రారంభించినది. కొడికొండనుండి విజయవాడ వైపునకు క్రొత్త రహదారి వేయుచున్నారు. పుట్టపర్తియే 2022 ఏప్రిల్ 4వ తేదీన క్రొత్త జిల్లాకు ముఖ్యస్థానమైనది. కచేరీలు, వసతులు, బాటలు కావలసియున్నవి. వీనికి కంకర కావలెను. ఒప్పుకొందము. కాని ఆ కంకరకు వెల కట్టునపుడు ఘనపు మీటరునకు ఇన్ని రూపాయలని రాతికి కట్టుచున్నారే కాని, రాతితోపాటు పోయిన నీటికి కట్టుటలేదు.

ఆ నీరు పోవుట యెట్లో కొంచెము విడమరచి చెప్పవలసియున్నది. గనికి లారీ పోవుటకు మొదట బాట కావలెను. ఆ బాట వంకను అడ్డముగా దాటును. తూము వేయుటకు డబ్బగునని మట్టిపోసి దాటింతురు. వంక అచ్చట తెగును. పిమ్మట చెత్తరాయి పోయుటకు చోటు కావలెను. చదునైన చోటు కొండపాదముననే గదా యుండుట! నీరింకవలసిన మొరపనేల చెత్తరాతిక్రింద అడగిపోవును. పిమ్మట గని లోతెక్కి నేలమట్టమునకు దిగును. చుట్టుపట్ల పగుళ్లనుండి ఊరు నీరు అందులో చేరును. పని సాగుటకు ఆ నీటిని ఇంజనుతో తోడి పారబోయుదురు. సమీపపు బావిలో నీటిమట్టము దిగును. మఱియొకవైపు క్రషరు పొడి తొలివానకు కొట్టుకొనివచ్చి చెఱువులో పేరుకొని మేట వేయును. చెఱువు లోతు తగ్గును. ఇన్ని జరిగినను కట్ట చెక్కుచెదరదు, తూము చెక్కుచెదరదు. చూచువారికి చెఱువు చెఱువుగనే యుండును. నీరు మాత్రము రాదు. రెండేండ్లు చూచి ఊరివారు వాన తగ్గినదనుకొందురు. బోరు వేయుదురు. వేయియడుగులు పోయినను చెమ్మ తగులని బోర్లు ఈ సీమలో కొల్లలు. తగిలిన చోటను లోతునీటిలో ఫ్లోరైడు హెచ్చు. ఈ యిక్కట్టు చూచియే గదా, 1990 దశకపు నడుమ సత్యసాయి సంస్థవారు 700 పైచిలుకు గ్రామములకు గొట్టములద్వారా మంచినీరు తెప్పింపవలసివచ్చినది!

ధూళి సంగతి వేఱొక కథ. హిందూపురము, ధర్మవరము, పుట్టపర్తి ప్రాంతములలో పట్టుపురుగుల పెంపకము బీదరైతునకు వేరుసెనగను మించిన ఆధారము. వేరుసెనగ వానను నమ్ముకొన్నది. మల్బరీ ఆకు కొద్ది నీటితో నెలనెల చేతికి డబ్బిచ్చును. కాని పట్టుపురుగు మహా సుకుమారమైనది. ఆకుమీద రాతిపొడి పడినచో మేయదు, మేసినను జబ్బుపడును. ఆకు కడిగి వేయుదమన్న కడుగుటకు నీరేది? క్రషరులకు నీటిచిలుకరింపు, గాలితెరలు, చుట్టును చెట్లు ఉండవలెనని కాలుష్యనియంత్రణ మండలివారి నిబంధనలు లేకపోలేదు. త్రాగునీటికే ట్యాంకరు వచ్చు ఊరిలో క్రషరు ధూళి నణచుటకు నీరు చిలుకరింతురని ఎవరు నమ్ముదురో ఆ నిబంధనలు వ్రాసినవారే చెప్పవలయును.

పేలుడు జరుపు గనికిని ఇండ్లకును నడుమ 200 మీటర్లయిన నుండవలెనని కేంద్ర కాలుష్యనియంత్రణ మండలి సూచింపగా 2020లో జాతీయ హరిత న్యాయాధికరణము దాని నంగీకరించినది. పిమ్మట ఆ విషయము పై న్యాయస్థానముల కెక్కినది. మన ఊళ్లలో మట్టిమిద్దె లింకను కలవు. దూలములమీద బండలు పఱచి పైన చవుడు పోసిన ఇండ్లవి. అట్టి యింటికి 200 మీటర్లును ఒక దూరమేనా యని ప్రశ్న.

కొండ పోరంబోకు కాదనుటకు ఇంకొక సాక్ష్యము చెప్పెదము. కురుబలు, గొల్లలు గొఱ్ఱెలను మేపునది ఆ కొండలమీదనే. ఆశ్వయుజ కార్తికములలో సీతాఫలములు గంపల కెత్తి సంతకు తెచ్చు ఆడువారు కోసినదియు ఆ కొండలలోనే. గడ్డి, వంటచెఱకు, చీపురుపుల్లలు, మందుమూలికలు అచ్చటివే. వీనిలో నొక్కటియు లెక్కలలోనికి ఎక్కదు. ఎలుగుబంట్లు సైతము తమ గుహలు పోగా మడకశిర, కల్యాణదుర్గము వైపు ఊళ్లలోనికి వచ్చుచున్నవని తఱచు వినుచున్నాము. దానికి కారణములు పెక్కు లుండవచ్చును. రాళ్లగుట్టలలో నివసించు జంతువునకు ఆ రాళ్లగుట్టయే లేకపోవుట అందులో నొకటి కాకపోదు.

ఇంత జరుగుచుండగా ఊరివా రేమి చేయుచున్నారని చదువరు లడుగవచ్చును. వారి నెవరు అడిగిరి? కట్టడపు రాయి మన చట్టములో చిల్లర ఖనిజము. 1957వ సంవత్సరపు గనుల చట్టమునందు 15వ సెక్షను దానిమీది అధికారమును రాష్ట్రములకు విడిచినది. మన రాష్ట్రమున 1966నాటి నిబంధనలు నడచుచున్నవి. ఐదు హెక్టార్లకు లోపలి గనులకు పర్యావరణపు అనుమతి యక్కఱలేదన్న వాడుక చాలకాలము సాగినది. 2012 ఫిబ్రవరి 27న సుప్రీముకోర్టువారు దీపక్ కుమార్ వ్యాజ్యములో ఆ వాడుకను కొట్టివేసి, చిన్నగనికైనను అనుమతి కావలసినదే యనిరి. మంచితీర్పు. కాని అనుమతి యనునది వేఱు, ప్రజలను విచారించుట వేఱు. ఐదు హెక్టార్లకు తక్కువైన గనికి ప్రజాభిప్రాయ సేకరణ సభ లేదు. ఐదు హెక్టార్లనగా 12 ఎకరముల 35 సెంట్లు. కొండ నూఱెకరములుండినను, గుత్త 12 ఎకరములలోపుగా ముక్కలు చేసినచో, ఏ ముక్కకును ఊరిసభ యక్కఱలేదు. ప్రక్కప్రక్క గుత్తలు 500 మీటర్లలోపున నున్నచో వానిని ఒక్క గుంపుగా లెక్కింపవలెనని 2016లో నియమము చేసిరి. ఆ నియమము వచ్చుటయే, ముక్కలుచేయు విద్య ఎంత వ్యాపించినదో తెలుపుచున్నది. గుంపుగా లెక్కించుటకు పటము కావలెను. ఆ పటములో గుత్తల హద్దులుండునే కాని వంకల హద్దు లుండవు.

ఇచ్చట మేము కొంచెము దూరదేశపు మాట తేవలసియున్నది. పాలస్తీనాలో యోర్దాను నది పడమటియొడ్డున సున్నపురాతి కొండలు కలవు. అచ్చటివారు ఆ రాతిని తెల్లనూనె యందురు. అరబ్బుదేశములకు నూనె యెట్టిదో వారికి రాయి యట్టిది. 1967లో ఆ భూమి ఇజ్రాయేలు సైన్యము వశమైనది. 1858లో తురుష్క సుల్తానులు చేసిన భూచట్ట మొకటి కలదు. సేద్యము లేక పడియున్న నేల ప్రభుత్వమునకు చెందునని అందు వ్రాసియున్నది. గొఱ్ఱెలు మేయు కొండలు, బండనేలలు ఆ యొక్క వాక్యముతో సర్కారుభూములని ప్రకటింపబడినవి. వానిలో కొన్నిటియందు ఇజ్రాయేలు సంస్థలు గనులు పెట్టెను. రాతిలో చాలభాగము ఇజ్రాయేలునకే పోవుచుండెను. ధూళియు గుంటలును ప్రక్క పల్లెలకు మిగులుచుండెను. ఆక్రమించినవాడు ఫలము ననుభవింపవచ్చునే గాని మూలధనమును తినరాదని 1907నాటి హేగు నిబంధన యుండగా, ఆ దేశపు ఉన్నతన్యాయస్థానము 2011 డిసెంబరులో ఈ గనులు సాగవచ్చుననినది. అది చూపిన కారణములలో నొకటి స్థానికులకు కూలి దొరకుచున్నదనుట! అదే కాలమున బేత్ ఫజ్జార్ వంటి పల్లెలలో పాలస్తీనీయుల గనులకు అనుమతులు దొరకకుండెను. 2016లో వారి యంత్రములను పట్టుకొనిపోయిరి. అంతర్జాతీయ న్యాయస్థానము 2024 జులై 19న ఆ యాక్రమణమంతయు న్యాయవిరుద్ధమని అభిప్రాయము చెప్పినది.

మనకును వారికిని పోలిక కలదా? కొంతవఱకే కలదు. అచ్చట పరపాలనము, తుపాకి; ఇచ్చట మనము ఓటువేసి నిలిపిన ప్రభుత్వము. అయినను సేద్యములేని నేల ఎవరిదియు కాదను సూత్రము రెండుచోట్లను ఒక్కటే. అచ్చట సుల్తాను వ్రాసినది. ఇచ్చట 1800లో నైజాము దత్తమండలములను కుంపిణీకి ధారపోసిన వెనుక, మన్రోదొర కాలమునుండి కొలిచి వ్రాసిన లెక్కలలో పాతుకొన్నది. పన్ను వచ్చు నేలను కుంపిణీ శ్రద్ధగా కొలిచినది. పన్ను రాని కొండను పోరంబోకని ప్రక్కకు నెట్టినది. పన్ను కోరువాని కన్నులకు అంతకన్న వేఱుగా కనబడదు. ఆ కన్నులను మన మేల ధరించుచున్నామో తెలియదు. స్వరాజ్యము వచ్చి ముప్పావు శతాబ్దమునకు మించినది.

కుంపిణీ కన్నులే కావు, దాని చేతులును మిగిలియున్నవి. ఖనిజముమీద ప్రభుత్వమునకు వచ్చు సీనరేజి రుసుమును వసూలుచేయుటను మన రాష్ట్రములో 2022 ప్రాంతమున జిల్లాలవారీగా వేలముపాడి ప్రైవేటు గుత్తదారుల కప్పగించిరి. పాతకాలపు ఇజారా ఇదే. ఇజారాదారునకు ఎంత యెక్కువ రాయి కదలిన అంత లాభము. రాయి కదలకుండ చూడవలసిన చోటున రాయి కదలుటకు కాచుకొన్నవానిని కూర్చుండబెట్టిరి.

గనులలో పనిచేయువారి మాట. గడచిన కొద్ది సంవత్సరములలోనే జరిగినవి చెప్పెదము. 2018 ఆగస్టు 3న కర్నూలుజిల్లా హత్తిబెళగల్ గనిలో పేలుడు జరిగి పదిమందికి పైగా మరణించిరి. వారిలో పెక్కుమంది పొరుగురాష్ట్రములనుండి వచ్చిన కూలీలు. 2021 ఫిబ్రవరి 23న చిక్కబళ్లాపురముజిల్లా హిరేనాగవల్లిలో, దాచియుంచిన జిలెటిను కడ్డీలను వదలించుకొనబోవుచు ఆఱుగురు పోయిరి. అది చిత్రావతి పుట్టిన జిల్లా. గుడిబండ, బాగేపల్లి ప్రాంతములలో తెలుగు వినని వీధి లేదు. అదే సంవత్సరము మే 8న కడపజిల్లా మామిళ్లపల్లె ముగ్గురాళ్ల గనియొద్ద కడ్డీలు దింపుచుండగా పదిమంది వఱకు చనిపోయిరి. 2025 ఆగస్టు 3న బాపట్లజిల్లా బల్లికురవ గ్రానైటు గనిలో బండలు విఱిగిపడి ఒడిస్సా కూలీలు ఆఱుగురు క్రిందబడిరి. ప్రతిమారును నష్టపరిహారము ప్రకటింతురు, విచారణకు ఉత్తరువు లిత్తురు, కొన్నాళ్లు తనిఖీలు జరుపుదురు. పిమ్మట మఱియొక ఊరిపేరు పత్రికలలో పడును.

పేలుడు ఒక్కదినమున చంపును. ధూళి పదియేండ్లు తీసికొనును. గ్రానైటులో స్ఫటికము పాలు ఐదవవంతుకు తక్కువ కాదు. ఆ పొడి ఊపిరితిత్తులలో చేరి గట్టిపడుటను సిలికోసిస్ అందురు. దానికి మందు లేదు. అది యున్నవానికి క్షయ సులభముగా అంటును. అంటిన వెనుక ఆసుపత్రిలో క్షయయని వ్రాయుదురే కాని గని యని వ్రాయరు. క్షయకు గుత్తదారు బాధ్యుడు కాడు గదా! రాజస్థానము 2019లో ఈ జబ్బునకు ప్రత్యేక విధాన మేర్పఱచి, జబ్బు నిర్ధారితమైనచో మూడులక్షలు, రోగి మరణించినచో కుటుంబమునకు ఇంకను రెండులక్షలు ఇచ్చుటకు నియమించినది. ఆ రాష్ట్రము మనకన్న సంపన్నమైనది కాదు. చీమకుర్తి రాతిని ఖండాంతరముల కంపు రాష్ట్రము, తాడిపత్రి బండలను దేశమంతట పఱచు రాష్ట్రము, ఆ పాటి చేయలేకపోవుటకు సమాధానము కావలెను.

కరవునకును కంకరకును ఈ సీమలో పాతబంధుత్వ మున్నది. 1876లో మొదలైన ధాత కరవును మన ముత్తవ్వలు చెప్పిన కథలలో వినియుందుము. ఆనాటి సర్కారు ఆకలిగొన్నవారిని బాటపనులలో పెట్టి రాళ్లు కొట్టించినది. 1877 జనవరిలో టెంపుల్ దొర వచ్చి మగకూలికి దినమునకు ఒక పౌను ధాన్యము, దానిపై కొద్దిపాటి డబ్బు చాలునని తేల్చినాడు. కొట్టినవారిలో నెందఱో ఆ కంకరకుప్పల ప్రక్కనే పోయిరి. ఆకలిగొన్నవాడు తక్కువకూలికి రాయి కొట్టునన్న లెక్క నేటికిని మాఱలేదు. ఒడిస్సాలో పంటలేనివాడు మన గనికి వచ్చుచున్నాడు. మన గనివలన చెఱువెండినవాడు బెంగుళూరులో మేడలు కట్టు పనికి పోవుచున్నాడు. ఆ మేడకు పోయినది అతని యూరి కొండయే కావచ్చును.

గనులవలన పని దొరకుచున్నదని ఒక వాదము. దొరకుచున్నది. కాని యంత్రము వచ్చిన వెనుక, పదికుటుంబములు కొట్టవలసిన రాతిని ఒక్క యంత్రము కొట్టుచున్నది, పనివారు పరాయియూరివారు. వడ్డెర సహకారసంఘములకు గుత్తలలో మొదటి హక్కు కావలెనని ఆ కులమువారు చిరకాలముగా కోరుచున్నారు. చేతిపనిముట్లతో కొట్టు వడ్డెరసంఘమునకును, పేలుడుమందుతో కొండ దింపు కంపెనీకిని ఒకే కొలతబద్ద పెట్టుట న్యాయము కాదు. చేతితో కొట్టువానికి గుత్త యిచ్చి, వాడు కొట్టగలిగినంతయే కొండ తగ్గుటలో ఊరికి నష్టము తక్కువ. సంఘముపేర గుత్త, చాటున కంపెనీ యంత్రము అను బేనామీ నాటకమునకు మాత్రము తావీయరాదు. ప్రగతికి అడ్డము రావలదని ఇంకొక వాదము. ప్రగతికి రాయి కావలెనన్న, ఏ కొండ చెఱువు పైనున్నదో ఏది కాదో చూచి తీసికొనుటకు అడ్డమేమి? ఇన్ని కొండలలో ప్రతి కొండయు చెఱువునకు నీరిచ్చునది కాకపోవచ్చును. చూచి యేర్పఱచు పనిని మాత్రము ఎవరును చేయకున్నారు. బాటకు దగ్గఱనున్న కొండయే గనికి యోగ్యమైన కొండగా నిర్ణయమగుచున్నది.

ఖర్చుల మాటయు చెప్పవలెను. హంద్రీ-నీవా కాలువకై 40 టి.ఎం.సి.ల కృష్ణనీటిని శ్రీశైలము వెనుకజలములనుండి మెట్టుమెట్టుగా ఎత్తిపోయ సంకల్పించి ఈ సీమకు తెచ్చుచున్నారు. మేము సంతోషించితిమి, ఈ సీమవారు దశాబ్దములు పోరాడి సాధించిన కాలువ అది. కాని కృష్ణను కరెంటుతో కొండ యెక్కించి చెఱువులో పోయుచు, ఖర్చులేక కొండ దిగివచ్చు వాననీటి దారిని కంకరకై అమ్ముట ఏ లెక్కలో పొసగునో ఆర్థికశాఖవారు సెలవిత్తురు గాక. రెండుపద్దులును ఒకే ప్రభుత్వమువే. ఒకటి గనులశాఖ ఆదాయములో పడును, రెండవది నీటిపారుదలశాఖ వ్యయములో పడును. ఎవరి పుస్తకము వారిది.

2015లో గనుల చట్టమును సవరించి ప్రతి జిల్లాలోను ఖనిజనిధి పెట్టిరి. ఆ నిధిలో నూటికి 60 వంతులకు తక్కువ కాకుండ త్రాగునీరు, ఆరోగ్యము, పర్యావరణము, చదువు వంటి ముఖ్యావసరములకు, గనుల దెబ్బతిన్న చోట్లనే వినియోగింపవలెనని కేంద్రమువారు ఆనాడు నియమించిరి. సత్యసాయి జిల్లాలో ఆ ధనముతో మొదట చేయవలసిన పని యొకటి కలదు. గనులకు ఒక మైలులోపల నున్న ప్రతి కుంటకు, చెఱువునకు వంకలెక్కడినుండి దిగునో గ్రామవృద్ధులను, నీరుకట్టువారిని వెంట బెట్టుకొని కొలిచి పటము గీయింపవలెను. ఏ వంక తెగినదో, ఎచ్చట మేట వేసినదో అందు గుర్తింపవలెను. తెగిన వంకకు తూము వేయించుట గుత్తదారు ఖర్చు. ఆ పటములో వంక పుట్టిన కొండకు ఇకమీద గుత్త యీయవలెనన్న, 12 ఎకరములైనను రెండెకరములైనను, గ్రామసభ కూడి తీర్మానింపనిది కలెక్టరు సంతకము పెట్టరాదు. విడిచిన గనిగుంటలకు కంచె వేయువఱకు గుత్తదారు జమానతు సొమ్ము తిరిగి యీయరాదు. వానకాలములో నిండిన ఆ గుంటలలో ఈతకు దిగు పిల్లల ప్రాణములకు వేఱు జమానతు లేదు. గనిలో ఆఱునెలలు పనిచేసిన ప్రతివానికి, ఏ రాష్ట్రమువాడైనను, ఛాతీ పరీక్ష చేయించి కాగితము చేతికీయవలెను. పుట్టపర్తిలో 1991నుండి పెద్దాసుపత్రి యున్నది, జిల్లా కచేరి యున్నది. స్థలము లేదని, వైద్యులు లేరని చెప్పుటకు వీలులేదు.

నైరుతి వానలు జూనులో మొదలగును. వంకలు కొలుచు పని వానకు ముందే కావలెను. ఏలనన వాన వచ్చినపుడు నీరు ఎచ్చట ఆగిపోవుచున్నదో చూచి, పటమును సరిచూచుకొనుటకు ఈ సీమలో ఏటికి నాలుగైదు మంచివానలకు మించి దొరకవు.